సగం రోజు గది

జూన్ 9, మంగళవారం
ఇంటి నుంచి, ముందు గది బల్ల దగ్గర

చిరంజీవి మనవరాలికి,

నిన్న ఫోనులో నాలుగు నిమిషాలు మాట్లాడావు. అందులో "చూస్తున్నానులే అమ్మమ్మా" అన్న మాట మూడుసార్లు వచ్చింది. హాస్టలు మొదటి ఏడాది పిల్లలకేననీ, ఈ నెలాఖరుకి మీరంతా ఖాళీ చెయ్యాలనీ మాత్రం చివరి అర నిమిషంలో, బస్సు చప్పుడులో కలిపి చెప్పావు. అందుకే ఈ ఉత్తరం. ఫోనులో చెప్పినదాన్ని మళ్ళీ చదువుకోవడం కుదరదు. గది దొరికేదాకా నువ్వు నాకు కాగితం మీదే జవాబివ్వాలి.

మన ఒప్పందం గుర్తు చేస్తున్నాను. రేవుల నిర్మాణం చదువుతానని నువ్వు పట్టుబట్టినప్పుడు మీ నాన్న వద్దన్నాడు, మీ అమ్మ ఏడ్చింది, నేను సరేనన్నాను. ఒకే షరతు: ఉండే చోటు సరిగ్గా ఉండాలి. లేకపోతే తిరిగొచ్చి ఇక్కడి కాలేజీలో చేరాలి. ఇక్కడ నీ పేరున సీటు జూలై 31 దాకా ఉంచమని ప్రిన్సిపాల్‌ని నేనే అడిగాను. ఆయన నా మాట మీద ఉంచాడు.

కొలతల ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్ళు పటాలు గీసినదాన్ని. గది గురించి నాకు వర్ణన వద్దు, పటం కావాలి. అడుగుకి అర అంగుళం చొప్పున గియ్యి. తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ ఏ దిక్కు, గోడకి మేకులెన్ని, అన్నీ ఉండాలి.

జాగు చెయ్యకు. ఈ ఇంట్లో పూర్వం "ఆలస్యం" అని అందరూ పిలిచే మనిషి ఒకరుండేవారు. ఒక ఇంటికి ఒకరు చాలు.

అమ్మమ్మ


జూన్ 17
హాస్టలు, మెట్ల మీద

అమ్మమ్మకి,

ఈ ఊరు పొద్దున్న ఆరూ నలభైకి ఖాళీ అయిపోతుంది. ఆ రైలు పట్టుకుని సగం ఊరు నగరానికి ఉద్యోగాలకి పోతుంది. మళ్ళీ రాత్రి ఏడున్నరకి నీరసంగా దిగుతుంది. మధ్యలో ఇక్కడ మిగిలేది సముద్రం, కుక్కలు, మా కాలేజీ.

ఇళ్ళవాళ్ళందరికీ "రైలు వాళ్ళే" కావాలిట. నిన్న ఒకావిడ గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది.

"పగలు ఇంట్లో ఉంటావా?"

"క్లాసులు లేనప్పుడు ఉంటానండి."

"అదే వద్దు. రైలు వాళ్ళయితే పొద్దున్న పోతే చీకటి పడ్డాకే రావడం. ఫ్యాను తిరగదు, నీళ్ళు ఒలకవు. వాళ్ళున్నట్టే ఉండదు."

"నేనూ ఉన్నట్టుండను లెండి."

"ఉన్నట్టుందిగా ఇప్పటికే," అని తలుపేసింది.

పదకొండు ఇళ్ళు చూశాను. ఒకాయన, "ఉద్యోగమొచ్చాక రామ్మా, అప్పుడిస్తాను," అన్నాడు. ఉద్యోగానికి చదువు కావాలి, చదువుకి గది కావాలి, గదికి ఉద్యోగం కావాలి. పటం గీసి చూపించమంటే గుండ్రంగా వస్తుంది.

మనకి ఇక్కడ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? అమ్మనడిగితే ఏదో చెప్పబోయి, "మీ అమ్మమ్మనే అడుగు," అంది. మూడు గంటల రైలు ప్రయాణం, ఏడాదైంది, నువ్వు ఒక్కసారైనా వచ్చి చూడలేదు. నువ్వొచ్చి ఆ గుమ్మాల్లో నిలబడితే చాలు, వాళ్ళే ఇల్లు ఖాళీ చేసి పోతారు.

నీ కందిరీగ


జూన్ 23
ఇంటి నుంచి

చిరంజీవి మనవరాలికి,

అక్కడ మనకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు.

నేను రాకపోవడానికి కారణం మోకాలు.

గది చూసేటప్పుడు గుర్తుంచుకోవలసినవి: వాన పడుతుండగా వెళ్ళు, కప్పు నిజం చెబుతుంది. కొత్తగా సున్నం వేసిన గోడని నమ్మకు, తడి మచ్చ మీదే సున్నం వేస్తారు. కుళాయి తిప్పి, బకెట్టు నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడు. ఇంటివాడు ఎక్కువ నవ్వితే తొందరపడకు. అసలు నవ్వకపోతే ఇంకాస్త ఆగు.

పన్నెండో ఇంటికి వెళ్ళు. పదకొండు దగ్గర ఆగినవాళ్ళకి నేను సలహాలివ్వను.

అమ్మమ్మ


జూలై 4
కొత్త గది నుంచి

అమ్మమ్మకి,

దొరికింది. పద్నాలుగో ఇల్లు. పటం జత చేశాను, అడుగుకి అర అంగుళం. టేపు కాలేజీ ల్యాబుది.

పడవ ఇంజన్లు బాగుచేసే షాపు పైన, రెండో అంతస్తు. పదకొండడుగులు, తొమ్మిదడుగులు. కిటికీ తూర్పుకి. ఇంటాయన రిటైరైన టికెట్ కలెక్టరు, ఊళ్ళో అందరూ టీసీ గారనే అంటారు. నవ్వుతాడు గాని ఎక్కువ కాదు. వాన పడుతుంటేనే చూశాను, కారలేదు. బకెట్టుకి నాలుగు నిమిషాలు.

చీకటి పడ్డాక కిటికీలోంచి పడవల దీపాలు కనిపిస్తాయి. చల్లగా గాలి వస్తుంది. రెండో ఏడాది పుస్తకాలన్నీ తెచ్చేసుకున్నాను. ఆగస్టు 24 నుంచి పరీక్షలు, దానికి ముందు ఇరవై రోజులు చదువుకోవడానికి సెలవులు. ఇక నువ్వు నిశ్చింతగా ఉండొచ్చు. ఆ ప్రిన్సిపాల్‌కి నా సీటు ఎవరికైనా ఇచ్చెయ్యమని చెప్పు.

నీ కందిరీగ


జూలై 11
ఇంటి నుంచి

మనవరాలికి,

పటం శుభ్రంగా ఉంది. గీతలు నేర్పినదాన్ని కాబట్టి చెప్పే హక్కుంది. ఇప్పుడు నా ప్రశ్నలు.

తలుపు వెనక ఆరు మేకులు గీశావు. మూడింటి మీద "నావి" అని రాశావు. తక్కిన మూడూ ఎవరివి?

స్నానాల గదిలో సబ్బు పెట్టుకునే గూళ్ళు రెండున్నాయి. రెండింటిలోనూ సబ్బుంది.

బల్ల కాళ్ళలో ఒకదాని కింద చిన్న చదరం గీసి వదిలేశావు. అదేమిటి?

తూర్పు కిటికీ ఉన్న గదికి నెలలో ముప్పై ఉదయాలు ఎండ వస్తుంది. నీ ఉత్తరంలో ఎండ గురించి ఒక్క మాట లేదు. దీపాలు, చీకటి, చల్లగాలి. కవరు మీద తపాలా ముద్ర మాత్రం రైల్వే స్టేషనుది, ఉదయం పది గంటలది, అదీ శనివారం. సెలవు రోజు ఉదయం పదింటికి నువ్వు నీ గదిలో లేవు. స్టేషనులో ఉన్నావు.

నువ్వు అబద్ధం రాయగలవు గాని గియ్యలేవు. చూసింది చూసినట్టు గియ్యడం నీ చేతికి అలవాటైపోయింది. అందుకు సంతోషిస్తున్నాను. తక్కినదానికి కాదు.

పగలు ఎక్కడ ఉంటున్నావు?

అమ్మమ్మ


జూలై 18
రైల్వే స్టేషను, ఆడవాళ్ళ వెయిటింగ్ రూము

అమ్మమ్మకి,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం విన్నాను గాని, భుజాలు తడుముకుని పటం కూడా గీసి పంపించినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. చెబుతున్నాను, పూర్తిగా చదివాక కోప్పడు.

ఆ గది నాకు సాయంత్రం ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకానే. పగలు ఇంకొకరిది. రేవులో లారీలు తూచే కాటా దగ్గర రాత్రి డ్యూటీ చేసే ఒకావిడ పొద్దున్న ఏడున్నరకి వచ్చి పడుకుని, సాయంత్రం ఆరున్నరకి వెళ్ళిపోతుంది. మంచం ఒకటే, దుప్పట్లు వేరు. టీసీ గారు గది చూపించేటప్పుడు నేను నోరు తెరిస్తే ఆయన, "రైల్లో బెర్తు మాత్రం నీ ఒక్కదానిదా అమ్మాయ్? నువ్వు దిగాక ఇంకొకరు ఎక్కరూ?" అన్నాడు. పద్నాలుగో ఇల్లు అమ్మమ్మా. పదిహేనోది లేదు.

పగలు క్లాసులు, లైబ్రరీ. సెలవు రోజుల్లో ఈ వెయిటింగ్ రూము. ఇక్కడ ఫ్యాను తిరుగుతుంది, ఎవరూ ఎందుకున్నావని అడగరు. అందరూ వేచి ఉన్నవాళ్ళే కదా.

రెండు వారాల దాకా ఆవిణ్ణి నేను చూడలేదు. వస్తువులే తెలుసు. దువ్వెన, మందు సీసా, దుమ్ము పట్టిన చెప్పులు. నువ్వడిగిన ఆ చదరం కూడా ఆవిడ పనే. బల్లకి ఒక కాలు పొట్టి. దాని కింద మడిచిన కాగితం ఉంటే మొదటిరోజు చెత్తనుకుని ఊడ్చి పారేశాను. మర్నాడు మళ్ళీ ఉంది. మళ్ళీ పారేశాను. మూడోరోజూ ఉంది. అప్పుడు విప్పి చూస్తే కాటా దగ్గరిచ్చే డ్యూటీ చీటీ, తేదీతో సహా. రోజూ డ్యూటీ నుంచి వచ్చి, ఆ రోజు చీటీ మడిచి కాలి కింద పెడుతోంది. నేను రాసుకునేటప్పుడు బల్ల ఊగకూడదని. ఆవిడ ఆ బల్ల మీద ఏమీ రాయదు.

కింద గేటు దగ్గర అద్దెకున్నవాళ్ళ పుస్తకం ఉంది. గదికి ఒక్కరేనని నిబంధన కాబట్టి దానిలో నా పేరే ఉంది. ఆవిడ లేదు. రేపెవరైనా ఆ పుస్తకం చూసి, ఈ గదిలో ఎవరుండేవారు అనడిగితే ఆవిడ అక్కడ ఉండనే లేదని చెబుతారు. రెండేళ్ళనుంచి ఉంది.

ఇంకొకటి దాచాను. పోయిన సోమవారం నాకు జ్వరమొచ్చింది. పొద్దున్న లేవలేకపోయాను. మెలకువ వచ్చేసరికి ఎండ కాళ్ళ దాకా వచ్చింది. తలుపు పక్కన నేల మీద, చెప్పుల సంచీ తలకింద పెట్టుకుని ఆవిడ పడుకుని ఉంది. నీళ్ళ గ్లాసు మీద నా పుస్తకం మూత పెట్టి ఉంది.

"నన్ను లేపలేదేం అక్కా?" అన్నాను.

"లేపితే లేస్తావు. అందుకని లేపలేదు."

"నీకు నిద్ర..."

"నేల మీద నిద్ర పట్టదా ఏం? రాత్రంతా కూర్చుని లారీలు తూస్తాను, పడుకునే చోటు దొరికితే అదే గొప్ప. పడుకో. మాట్లాడితే అద్దె ఎక్కువవుతుంది."

రెండు రోజులు అలాగే పడుకుంది.

ఆ సెలవుల ఇరవై రోజులూ పగలు చదువుకోవడానికి నాకు చోటు లేదు. లైబ్రరీ కూడా మూసేస్తారు. ఇది సరైన చోటు కాదని నువ్వంటావు, నాకు తెలుసు. ఒప్పందం ఒప్పందమే. నువ్వు రమ్మంటే వస్తాను. కానీ నాకు రేవులే కట్టాలనుంది.

కందిరీగ


జూలై 26
వెయిటింగ్ రూము

అమ్మమ్మా,

ఎనిమిది రోజులైంది. నువ్వు ఏ ఉత్తరానికీ వారం దాటనివ్వవు. అమ్మకి ఫోను చేస్తే, "అటక మీంచి పాత పెట్టె దింపించుకుంది, ఎవరితోనూ మాట్లాడడం లేదు," అంది. ఇంకా ఐదు రోజులే ఉంది. తిట్టడానికైనా రాయి.


జూలై 28, మంగళవారం
ఇంటి నుంచి, ముందు గది బల్ల దగ్గర

కందిరీగా,

నీ పద్దెనిమిదో తారీఖు ఉత్తరం నాకు ఇరవై ఒకటిన అందింది. జవాబుకి ఏడు రోజులు పట్టింది. ఇప్పుడు రాయడానికి కారణం, నిన్న సాయంత్రానికి ఒక పని పూర్తిచేశాను. ఇక దాచడానికి సాకు లేదు.

జూన్ 23న, అక్కడ మనకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరని రాశాను. అది అబద్ధం. మోకాలు సంగతి కూడా. ఆ ఊళ్ళో నా చెల్లెలుంది. నీకు చిన్నమ్మమ్మ. స్టేషనుకి తూర్పున మూడో సందు, నీలం గేటు ఇల్లు. ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ముందు గది ఖాళీ. మీ అమ్మ ఏటా ఆమెకి ఫోను చేస్తుంది, నాకు తెలియదనుకుంటుంది. "ఆలస్యం" అని మేము పిలిచినది ఆమెనే.

ఇరవై నాలుగేళ్ళ కిందట మా అమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఈ ఊరి ఆసుపత్రిలో నలభై మూడు రోజులుంది. నేను రోజూ ఉదయం ఏడింటికి వెళ్ళి రాత్రి ఏడున్నరకి వచ్చేదాన్ని. అప్పటికే ఆ రేవు ఊళ్ళో ఉద్యోగం చేస్తున్న చెల్లెలు నాలుగు ఆదివారాలు వచ్చింది. అమ్మ పోయిన తరవాత, బంధువులందరూ కూర్చుని ఉండగా, ఎవరు ఎంత చేశారన్న మాట వచ్చింది. నేను ఆసుపత్రి గేటు పుస్తకంలోంచి రాసుకొచ్చిన లెక్క తీసి చదివాను. నావి నలభై మూడు. దానివి నాలుగు. చెల్లెలు, "నీ లెక్క ఎప్పుడు తప్పింది గనక, అక్కా," అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. తప్పు ఒప్పుకుందనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళు అలాగే అనుకున్నాను.

గేటు పుస్తకం రాత్రి ఎనిమిదింటికి మూసేస్తారు. అది నాకు అప్పుడూ తెలుసు. ఎనిమిది తరవాత వచ్చినవాళ్ళ సంగతేమిటని నన్ను నేను అడగలేదు. ఆఫీసులో నా కింద పనిచేసినవాళ్ళు ఇలాంటి తప్పు చేస్తే పటం వెనక్కి పంపించేదాన్ని.

అమ్మ మంచం పక్కన నేను కూర్చునే కుర్చీకి ఒక కాలు పొట్టి. రోజూ ఉదయం వెళ్ళేసరికి ఆ కాలి కింద మడిచిన రైలు టికెట్టు ఉండేది. ఎవరో పారేశారనుకుని రోజూ తీసి చెత్తబుట్టలో వేసేదాన్ని. మర్నాడు మళ్ళీ ఉండేది. పగలంతా కుర్చీ ఊగుతుంటే ఆసుపత్రివాళ్ళని తిట్టుకుంటూ కూర్చునేదాన్ని. నీ ఉత్తరంలో బల్ల కాలి దగ్గరకి వచ్చేసరికి నేను చదవడం ఆపేశాను. తక్కిన సగం రెండో రోజు చదివాను. నువ్వు మూడోనాడు విప్పి చూశావు. నేను ఒక్కనాడూ విప్పలేదు.

పెట్టెలో ఆ ఏటి డైరీ ఉంది. ఆసుపత్రి మీద ఫిర్యాదు రాయాలని ప్రతి లోపమూ అందులో తేదీ వేసి రాసుకున్నాను. "కుర్చీ కింద చెత్త" అని ముప్పై ఆరు తేదీల్లో ఉంది. నా చేతిరాతే. సాయంత్రం ఆఫీసు అయ్యాక చెల్లెలు ఐదూ యాభై రైలెక్కితే ఎనిమిదీ నలభైకి ఇక్కడ దిగుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి ఎక్కితే ఏడింటికి తన ఊరు చేరుతుంది, తిన్నగా ఆఫీసుకి పోవచ్చు. ఆ ఏటి రైళ్ళ వేళల పుస్తకం కూడా పెట్టెలో దొరికింది. నిన్న సాయంత్రం అన్నీ సరిచూశాను. సరిపోయాయి.

నాలుగు ఆదివారాలు పోగా మిగిలేవి ముప్పై తొమ్మిది. డైరీలో ఉన్నవి ముప్పై ఆరు. తక్కిన మూడు రాత్రులూ అది రాలేదో, నేను రాయలేదో తెలియదు. వాటిని దాని పేరునే వేశాను.

టికెట్టుతో కుర్చీ కాలు సరిచేసి, అక్క సుఖంగా కూర్చోవాలనుకున్న మనిషిని పదిమందిలో నిలబెట్టాను. దీన్ని నీకు చెప్పడానికి నాకు చిన్నతనంగా లేదు. దానికి చెప్పడానికి ఉంది. అయినా రాశాను. జత చేసిన రెండో కవరు అదే, డైరీ కూడా దానితోనే పంపుతున్నాను.

ఇక జరగవలసినవి:

1. శనివారం సాయంత్రం నీలం గేటు ఇంటికి వెళ్ళు. ఫలానావారి మనవరాలినని రెండోసారి అడిగాకే చెప్పు. మొదటిసారి నీ పేరు చాలు.

2. ఆ కవరూ, డైరీ ఆమె చేతికి ఇయ్యి. గది అడగకు. క్షమాపణా, అద్దె బేరమూ ఒకే గుమ్మంలో కలపకూడదు.

3. తనంతట తాను ఉండమంటే ఉండు. అనకపోతే దణ్ణం పెట్టి వచ్చెయ్యి. ఆ ఇరవై రోజులూ వెయిటింగ్ రూములో కూర్చునే చదువు. వేచి ఉండడం చదువుకి అడ్డు కాదు.

4. ఇక్కడి సీటు వదిలేస్తున్నానని ఈ ఉదయం ప్రిన్సిపాల్‌కి నేనే వెళ్ళి చెప్పాను. నువ్వు రేవులే కడతావు. ఉండే చోటు సరిగ్గా ఉందో లేదో చెప్పే అర్హత ప్రస్తుతానికి నాకు లేదు.

5. కాటా దగ్గర పనిచేసే ఆవిడకి నా నమస్కారాలు చెప్పు. టీసీ గారి పుస్తకంలో ఆమె పేరు రాయించు. నిబంధన అంటే, గది ఇద్దరికిచ్చినప్పుడు ఆ నిబంధన ఎక్కడికి పోయిందో నేను వచ్చి అడుగుతానని చెప్పు. ఇది బెదిరింపని ఆయన అనుకుంటే అనుకోనివ్వు.

6. బల్ల కాలి కింద కాగితం తియ్యకు.

7. ఆగస్టు 8న నేను బయలుదేరుతున్నాను. పొద్దున్న రైలుంది. దానికి రాను. ఇటునుంచీ సాయంత్రం ఐదూ యాభైకే ఒక రైలుంది, అదెక్కి ఎనిమిదీ నలభైకి దిగుతాను. స్టేషనుకి నువ్వు రానక్కర్లేదు, ఆ సందు నాకు తెలుసు. తలుపు తీసినా తియ్యకపోయినా నాలుగింటి దాకా గేటు దగ్గరే ఉంటాను. టికెట్టు మాత్రం ఈసారి పారెయ్యను.

అమ్మమ్మ